పాతకాలపు షార్ప్స్ రైఫిల్‌కి .45-70 తూటాలు నింపుకోవడం ఎలా

బ్లాక్ పౌడర్‌తో తూటా నింపేవాళ్లు ముందుగా మనసులో నాటుకోవాల్సిన మాట ఒకటుంది. ఇత్తడి గొట్టం లోపల మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. కింద నేను చెప్పే పనుల్లో సగం ఈ ఒక్క మాట కోసమే. ఖాళీ ఉంటే మందు అంటుకున్నప్పుడు పుట్టే ఒత్తిడి ఒక్కసారిగా గుండు అడుగుని తాకుతుంది. దానివల్ల బ్యారెల్ లోపల ఉంగరంలా ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బు ఇక పోదు, రైఫిల్ పాడైనట్టే.

పేరు గురించి ఒక మాట. మన భాషలో నల్లమందు అంటే గసగసాల కాయల నుంచి తీసే మత్తు సరుకు. కాబట్టి ఇక్కడ బ్లాక్ పౌడర్ అంటాను, లేదా ఉత్త మందు అంటాను. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాత తుపాకి మందే ఇది. దీన్ని ఇంట్లో తయారుచేసుకోవద్దు. దుకాణంలో సీలు వేసిన డబ్బా కొనండి.

నేను ఉత్తర టెక్సాస్‌లో ఉంటాను. ఇటలీలో తయారైన 1874 షార్ప్స్ నకలు ఒకటి కొనుక్కున్నాను. ఒక్కో తూటా పెట్టి కాల్చే బరువైన రైఫిల్ అది. దానిలో వాడేది .45-70. అమెరికా సైన్యం 1873లో స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ రైఫిల్‌తో పాటు తెచ్చుకున్న తూటా ఇదే. పేరులోనే కొలతలున్నాయి. 45 అంటే గుండు మందం అంగుళాన్ని వంద భాగాలు చేస్తే సుమారు 45 భాగాలు, 70 అంటే 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్. దాని మీద 405 గ్రెయిన్ల సీసం గుండు పెట్టేవారు. పౌనుకి 7000 గ్రెయిన్లు, అంటే పౌను డబ్బా మందుతో పూర్తి తూటాలు వంద అవుతాయి. గ్రాముల్లో చూస్తే మందు నాలుగున్నర, గుండు 26.

ముందు చట్టం సంగతి

ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నది. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఊళ్లో చేసి చూద్దాం అనుకోవద్దు.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికి మాత్రం కావాలి. ఇక్కడ మనవాళ్లు చాలామంది గమనించని విషయం ఒకటుంది. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదన్నది ఫెడరల్ నియమం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఆ నిషేధం లేదు. వీసా మీద ఉంటే ముందు వకీలుని అడిగి తెలుసుకోండి, ఆ తర్వాతే దుకాణం మెట్లెక్కండి. ఇంకో పొరపాటు కూడా చూశాను. రూపం పాతది కదా, ఇది పురావస్తువే అనుకుంటారు. ఇప్పుడు తయారై, బజారులో దొరికే .45-70 తూటా కాల్చే నకలు రైఫిల్ చట్టం దృష్టిలో మామూలు తుపాకీయే. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మందు నిల్వ గురించి లీజులో, నగర నిబంధనల్లో ఏముందో చదవండి.

బల్ల మీద ఏముండాలి

ప్రెస్ (లీవర్‌తో నొక్కే యంత్రం), .45-70కి సరిపడే మూడు డైలు (ప్రెస్‌లో బిగించే ఉక్కు అచ్చులు), మందుని అణచే కంప్రెషన్ డై, ప్రైమర్ (గొట్టం అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుని అంటించే చిన్న బిళ్ల) దించే పనిముట్టు, గ్రెయిన్లలో తూచే త్రాసు, వెర్నియర్ కాలిపర్, మందు జారవిడిచే రెండడుగుల సన్నటి ఇత్తడి డ్రాప్ ట్యూబ్, తూటాలు నింపే లెక్కలుండే తాజా రీలోడింగ్ పుస్తకం ఒకటి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. రెండో డబ్బా ఆ గదిలోనే ఉండకూడదన్నది నా నియమం.

ఎందుకంటే ఇప్పటి తూటాల్లో వాడే, పొగ తక్కువగా వచ్చే స్మోక్‌లెస్ పౌడర్ వేరే జాతి. దాన్ని బ్లాక్ పౌడర్ లెక్కలో నింపితే రైఫిల్ పేలిపోతుంది, మనిషి చేతులు పోతాయి. రీలోడింగ్ పుస్తకాల్లో .45-70కి స్మోక్‌లెస్ లెక్కలు మూడు అంచెలుగా ఉంటాయి: పాత ట్రాప్‌డోర్‌కి ఒకటి, లీవర్ రైఫిళ్లకి ఒకటి, గట్టి కొత్త రైఫిళ్లకి ఒకటి. మూడింటికీ తూటా రూపం ఒకటే, ఒత్తిడి మాత్రం ఎక్కడికక్కడ వేరు. ఈ వ్యాసం బ్లాక్ పౌడర్‌కి మాత్రమే.

నిప్పు, సిగరెట్, దేవుడి దీపం, అగరొత్తి, ఏదీ ఆ గదిలో వద్దు. బ్లాక్ పౌడర్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. స్థిర విద్యుత్తు భయంతో నేను ఇత్తడి కొలతలే వాడతాను.

1. పని రేంజ్‌లోనే, అంటే తుపాకి కాల్చే మైదానంలోనే మొదలవుతుంది

కాల్చిన బ్లాక్ పౌడర్‌లో సగానికి పైగా బరువు పొగగా, మసిగా, ఘనరూపంలోనే మిగులుతుంది. ఆ మసి గాలిలో తేమని పీల్చుకుని ఇత్తడిని తినేస్తుంది. కాబట్టి రేంజ్‌కి వెళ్లేటప్పుడు మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు పోసుకుని వెళ్లండి. కాల్చిన గొట్టం నుంచి చేతి పనిముట్టుతో పాత ప్రైమర్ ఊడదీసి, వెంటనే ఆ నీళ్లలో వేయండి. ఇంటికి వచ్చేసరికి కారు కుదుపులకే సగం మసి వదిలి ఉంటుంది.

మొదటి ఏడాది నేనొకసారి అలిసిపోయి, కాల్చిన 50 గొట్టాల్ని సంచిలోనే వదిలేశాను. మూడో రోజు తీసి చూస్తే లోపలంతా పచ్చటి చిలుము. ఎంత తోమినా అడుగున చిన్న చిన్న గుంటలు అలాగే మిగిలాయి. 38 పారేయాల్సి వచ్చింది.

ఇంటికి రాగానే సీసాలు కడిగే బ్రష్షుతో లోపల తోమి, వేడినీళ్లతో రెండుసార్లు జాడించండి. అడుగున ప్రైమర్ కూర్చునే గుంటని మర్చిపోవద్దు. మెరుపు కావాలంటే లీటరు నీళ్లకి చెంచాడు నిమ్మఉప్పు కలిపి, పది నిమిషాలు ఉంచి తీసేయండి. ఇత్తడి చెంబులకి చింతపండు పులుసు చేసే పనే ఇదీ చేస్తుంది. ఎక్కువసేపు వదిలితే ఇత్తడి పైపొర గులాబీ రంగుకి తిరుగుతుంది, అది మంచిది కాదు. తర్వాత మంచినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. టెక్సాస్ ఎండకి గంట చాలు. వంటింటి గిన్నెలు, గరిటెలు దీనికి వాడొద్దు. గొట్టాలకి సీసం మసి ఉంటుంది.

2. ఏది ఉంచాలి, ఏది పారేయాలి

ఆరిన గొట్టాల్ని ఒక్కొక్కటిగా వెలుగులో తిప్పి చూడండి. మూతి దగ్గర వెంట్రుక లాంటి పగులు కనిపిస్తే పారేయండి. అడుగు భాగానికి కాస్త పైన మెరిసే గీత చుట్టూ తిరిగి ఉంటే అనుమానించండి. పేపర్ క్లిప్పుని సాగదీసి, కొసని కొద్దిగా వంచి, లోపలి గోడ మీద కింద నుంచి పైకి లాగండి. కొస గాడిలో పడినట్టు తగిలితే ఇత్తడి అక్కడ పలచబడిందన్నమాట. ఇంకోసారి కాలిస్తే రెండు ముక్కలవుతుంది.

పొడవు 2.105 అంగుళాలు దాటకూడదు. దాటితే కత్తిరించాలి. అన్నీ ఒకే పొడవు ఉండాలన్నది ఇంకా ముఖ్యం, ఎందుకో కింద మందు దగ్గర తెలుస్తుంది.

3. సైజు చేయడం

మీ రైఫిల్‌లోనే కాల్చిన గొట్టం ఆ రైఫిల్ గదికి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) అచ్చు పోసినట్టు ఉంటుంది. వేలితో తోస్తే లోపలికి జారిపోతే దాన్ని మొత్తం సైజు చేయక్కర్లేదు, గుండు పట్టుకునేంత వరకు మూతి కొంచెం బిగిస్తే చాలు. ఇత్తడి పదేపదే నలగదు, ఎక్కువ కాలం వస్తుంది. మొత్తం సైజు చేయాల్సి వస్తే గొట్టానికి సైజింగ్ గ్రీజు పలచగా రాయండి. రాయకపోతే డైలో ఇరుక్కుంటుంది.

తర్వాత మూతి రవ్వంత విప్పాలి. గుండు అడుగు వేలితో పెడితే నిలబడేంత చాలు. సీసం పొట్టు రేగకూడదు, అదే పరీక్ష.

4. ప్రైమర్

లార్జ్ రైఫిల్ ప్రైమర్ కావాలి. గొట్టం అడుగు మీద వేలికొన ఆనించి తిప్పితే ప్రైమర్ తగలకూడదు, వెంట్రుకవాసి లోపలికే ఉండాలి. పైకి పొడుచుకుని ఉంటే కాల్చవద్దు. ప్రైమర్లని వాటి సొంత డబ్బాలోనే ఉంచండి. గాజు సీసాలో పోసి నిల్వ చేయడం ప్రమాదం, ఒకటి అంటుకుంటే అన్నీ అంటుకుంటాయి.

5. గుండు, దానికి పూసే మైనం

మొదట్లో పోసిన గుండ్లు కొనుక్కోండి. సీసం కరిగించే పని తర్వాత నేర్చుకోవచ్చు. సీసం 20 పాళ్లు, తగరం ఒక పాలు కలిసిన మెత్తటి గుండు బ్లాక్ పౌడర్‌కి బాగుంటుంది. ఒత్తిడి తగలగానే గుండు అడుగు కాస్త విచ్చుకుని బ్యారెల్ గాడుల్ని పూర్తిగా పట్టుకుంటుంది. బ్యారెల్ గాడుల కొలత .458 అంగుళాలైతే గుండు .459 తీసుకోండి. సీసం ముట్టుకున్న ప్రతిసారీ చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి. పిల్లలు ఆడుకునే చోట ఈ పని వద్దు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మైనం దగ్గర. బజారు గుండ్ల మీద రంగురంగుల గట్టి మైనం ఉంటుంది. అది స్మోక్‌లెస్ కోసం తయారైంది. బ్లాక్ పౌడర్ మసి ఎండి పెంకులా గట్టిపడకుండా చూడాలంటే మెత్తటి మైనం కావాలి. పెట్రోలియం గ్రీజు కూడా పనికిరాదు, మసితో కలిసి తారులా అంటుకుంటుంది. నేను తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి కరిగిస్తాను. చల్లారాక గోటితో నొక్కితే సొట్ట పడాలి, వేలికి అంటుకుని కారిపోకూడదు. ఎండాకాలంలో మైనం పాలు పెంచాలి. గుండ్ల పాత మైనాన్ని మరిగే నీళ్లలో వదిలించి, పళ్లెంలో నిలబెట్టి, ఈ కరిగిన మైనం గుండు చుట్టూ ఉన్న గాడులు మునిగేదాకా పోసి, గడ్డకట్టాక ఒక్కొక్కటీ తీస్తాను. పాత స్టీలు పళ్లెం దీనికే విడిగా ఉంచాను.

బ్యారెల్ కిందుండే పొడవాటి గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి పెట్టుకునే లీవర్ రైఫిల్ మీదైతే చదును ముక్కు గుండే వాడాలి. అక్కడ ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌కి ఆని ఉంటుంది. సూది ముక్కైతే ఆ ప్రైమర్‌ని పేల్చవచ్చు.

6. మందు

ఇదే అసలు పని. దీనికి ఒక సాయంత్రం కేటాయించండి, ఫోన్ పక్కన పెట్టండి.

.45-70కి 2ఎఫ్ రేణువు మందు మామూలుగా వాడతారు. ఎఫ్‌లు పెరిగే కొద్దీ రేణువు సన్నబడుతుంది, వేగంగా కాలుతుంది. పేరులో 70 ఉంది కదా అని 70 గ్రెయిన్లు తూచి పోయాలని చూస్తే ఇబ్బంది పడతారు. 1873 నాటి గొట్టాల అడుగు పలచన, లోపల చోటు ఎక్కువ. ఇప్పటి గొట్టాల అడుగు దళసరి, అంత మందు పట్టదు. కాబట్టి అంకెని వదిలి ఎత్తుని కొలవండి.

ఇలా చేయండి. మీ గుండు ఎంత లోతు దిగాలో ముందు చూసుకోండి. రైఫిల్ గదిలో పెట్టినప్పుడు గుండు బ్యారెల్ గాడుల్ని తాకీ తాకనట్టు ఉండాలి. అప్పుడు గొట్టం లోపల ఉండే గుండు భాగం కొలవండి. నాది .55 అంగుళాలు. మందుకీ గుండుకీ మధ్య పెట్టే బిళ్ల మందం .06. రెండూ కలిపితే .61. అంటే అణిచిన తర్వాత మందు పైభాగం గొట్టం మూతికి .61 అంగుళాల కింద ఉండాలి. అణచక ముందు దానికంటే ఎనిమిదో వంతు అంగుళం, అంటే మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి. కాలిపర్ వెనక తోకని మూతిలో దించి కొలవచ్చు. గొట్టాల పొడవు ఒకటే ఉండాలన్నది ఇందుకే. ఆ ఎత్తుకి పట్టిన మందుని తూచితే నాకు 63 గ్రెయిన్లు వచ్చింది. మీ గొట్టం, మీ మందు, మీ గుండుతో ఇంకో అంకె వస్తుంది. దాన్ని రీలోడింగ్ పుస్తకంలోని బ్లాక్ పౌడర్ పట్టికతో పోల్చుకోండి. పట్టిక దాటిపోతే ఆగి, ఎక్కడ తప్పిందో చూడండి. ఎంత అణచాలన్నది కూడా మందు రకాన్ని బట్టి మారుతుంది, కొన్నిటికి చాలా తక్కువ చాలు.

అంకె తేలాక ప్రతి తూటాకీ అదే బరువు తూచాలి. త్రాసు మీదకి ఏసీ గాలి, ఫ్యాను గాలి రానివ్వవద్దు. తూచిన మందుని డ్రాప్ ట్యూబ్ పైన పెట్టిన గరాటులో సన్నటి ధారగా వంచండి. ముగ్గు వేసేటప్పుడు వేళ్ల సందునుంచి పిండి జారినట్టు జారాలి. నాకు ఒక్కో తూటాకి పది సెకన్లు పడుతుంది. గలగలమని మొదలైన చప్పుడు గొట్టం నిండే కొద్దీ పలచబడి, చివరికి ఇసుక మీద ఇసుక పడ్డట్టు వినపడకుండా పోతుంది. రెండడుగుల ఎత్తు నుంచి ఒక్కో రేణువూ దిగి తన చోట సర్దుకుంటుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే అదే మందు ఎత్తుగా, వదులుగా నిలబడుతుంది.

రేంజ్‌లో నాకు ఇది నేర్పిన పెద్దాయన ట్యూబ్‌లో మందు పోసేటప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఒక తూటా పూర్తయ్యాకే తల ఎత్తేవాడు. ఎందుకో న్యూ మెక్సికోలో రాటన్ దగ్గరి విటింగ్టన్ సెంటర్ పోటీల గురించి తెలిసినప్పుడు అర్థమైంది. అక్కడ ఇనుప కోళ్లు 200 మీటర్లు, పందులు 300, టర్కీ కోళ్లు 385, పొట్టేళ్లు 500 మీటర్ల దూరంలో నిలబెడతారు. తగిలితే చాలదు, పడిపోవాలి. ఈ బరువైన గుండు మెల్లగా, ఎత్తైన వంపులో ప్రయాణిస్తుంది. ఒక తూటాకీ ఇంకోదానికీ వేగంలో తేడా కొంచెమే ఉన్నా 500 మీటర్ల దగ్గర గుండు పొట్టేలు వీపు మీదుగానో, కాళ్ల కిందుగానో పోతుంది.

7. బిళ్ల పెట్టి, అణిచి, గుండు దించడం

మందు మీద ఫైబర్ బిళ్లో, ప్లాస్టిక్ బిళ్లో పెట్టండి. మెత్తటి గుండు అడుగుని వేడి నుంచి ఇది కాపాడుతుంది. పాల డబ్బా అట్టని గుండ్రంగా కోసి వాడేవాళ్లూ ఉన్నారు, బాగానే పనిచేస్తుంది.

అణచడం కంప్రెషన్ డైతోనే చేయాలి. గుండునే పెట్టి మందుని నొక్కితే మెత్తటి సీసం ముక్కు చదునైపోతుంది, గుండు పక్కలు ఉబ్బుతాయి. లీవర్‌ని మెల్లగా దించండి. మందు నలుగుతున్న చిన్న కరకర చేతికి తెలుస్తుంది. తర్వాత కాలిపర్‌తో మూతి నుంచి బిళ్ల పైభాగం దాకా కొలవండి, .55 రావాలి, అంటే బిళ్ల కింద మందు .61 దగ్గర ఉన్నట్టు. ఇక గుండు దించితే బిళ్లకి ఆని ఆగుతుంది. ఖాళీ లేదు. విప్పిన మూతిని డైతో తిరిగి చక్కబెట్టండి, ఒక్కో తూటా పెట్టి కాల్చే రైఫిల్‌కి అంతకు మించి బిగించక్కర్లేదు.

పని మధ్యలో లేవాల్సి వస్తే ఎక్కడ ఆగారో కాగితం మీద రాసి, మందు డబ్బా మూత పెట్టి లేవండి. చివర్లో పెట్టె మీద తేదీ, మందు పేరు, బరువు, గుండు, ప్రైమర్ రాయండి. పేరు లేని పెట్టె దొరికితే ఆ తూటాలు కాల్చవద్దు.

8. కాల్చి చూడటం

మొదటిసారి పది మించి నింపవద్దు. రేంజ్‌లో కాల్చాక రైఫిల్ ఖాళీ చేసి, బ్యారెల్ మూతి దగ్గర చూడండి. గాడుల ఆకారంలో మైనం నక్షత్రంలా తడిగా అంటి ఉంటే మైనం చాలినంత ఉందని గుర్తు. మూతి పొడిబారి, బూడిదరంగు మసి పెళుసుగా ఉంటే మైనం చాలట్లేదు. ఒక తూటా కాల్చాక, ఇంకోటి కాల్చే ముందు బ్యారెల్‌లో తడి గుడ్డ ఒకసారి, పొడి గుడ్డ ఒకసారి తోయండి. కొందరు రైఫిల్ తెరిచి, తూటా కూర్చునే ఖాళీ గదిలో ఊదే గొట్టం పెట్టి నోటితో నెమ్మదిగా ఊదుతారు. ఊపిరిలో తేమకి మసి మెత్తబడుతుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గురి వైపే ఉంచి నిండా ఒక నిమిషం ఆగండి. ఆలస్యంగా అంటుకునే తూటాలుంటాయి.

ఇంటికి రాగానే బ్యారెల్‌ని ముందు నీళ్లతోనే కడగాలి. ఈ మసికి నీళ్లే మందు, ఖరీదైన ద్రావకాలు అక్కర్లేదు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోసి, పొడిగా తుడిచి, నూనె పట్టించండి. మర్నాడు పొద్దున్నే ఇంకో తెల్ల గుడ్డ తోసి చూడండి. ఎర్రటి మరక వస్తే రాత్రి ఎక్కడో మసి మిగిలింది, మళ్లీ నీళ్లతో మొదలుపెట్టండి. మచ్చ లేకుండా వస్తే పలచగా నూనె రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి.